కొరమీను సాక్ష్యం

పోలేరుపాలెం ఆయిలు ఫ్యాక్టరీలో లోవరాజు ఉద్యోగం నీళ్ళు కడగడం. వినేవాళ్ళు నవ్వుతారు గానీ ఉద్యోగం నిజంగా అదే. ఓడల మీద వచ్చిన ముడి పామాయిలును ఫ్యాక్టరీ వాళ్ళు శుభ్రం చేసి, పాకెట్లలో పోసి, పాకెట్టు మీద నవ్వుతున్న ఇల్లాలి బొమ్మ వేసి ఊళ్ళ మీదికి వదులుతారు. ఆ శుభ్రం చేయడంలో నూనెకున్న జిడ్డూ, సబ్బు నురగా, కంపూ అన్నీ నీళ్ళకు అంటుకుంటాయి. నూనె బాగుపడుతుంది, నీళ్ళు చెడతాయి. చెడిన నీళ్ళు పాలలా తెల్లగా లోవరాజు దగ్గరికి వస్తాయి.

ముందు వాటిని ఒక తొట్టిలో నిలబెట్టి, పైకి తేలిన కొవ్వును తెడ్డుతో తీస్తాడు. మిగిలింది గాలి తొట్టిలోకి పోతుంది. అసలు పని అక్కడ. ఆ తొట్టి నిండా గోధుమరంగు బురద, ఆ బురదలో కంటికి కనపడని పురుగులు. కంపెనీ వాళ్ళు బ్యాక్టీరియా అంటారు, లోవరాజు 'మా జీవాలు' అంటాడు. అడుగునుంచి బ్లోయరు బుడబుడమని గాలి ఊదుతుంటే జీవాలు ఆ జిడ్డును తిని బతుకుతాయి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో పేడ కలిపి, బెల్లం నీళ్ళు పోసి, బాలింతను చూసుకున్నట్టు చూసుకుని వాటిని పెంచింది లోవరాజే. అవి తినగా తేరుకున్న నీళ్ళు మురుగు కాలువలోకి పోతాయి. కాలువ చివర అతని చెల్లెలు నూకరత్నం చేపల చెరువు ఉంది. కాలువ నీళ్ళే ఆ చెరువుకు నీళ్ళు. అందుకని లోవరాజు తన ఉద్యోగం సగం కంపెనీకీ సగం చెల్లెలికీ చేసేవాడు.

ఇలా ఉండగా జల స్వచ్ఛతా మండలికి చేపల మీద మోజు పుట్టింది.

మండలి పెద్దలు ఎక్కడో చల్లని చోట మూడు రోజుల సదస్సుకు వెళ్ళారు. నీళ్ళు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇన్ని యంత్రాలెందుకు, అందులో ఒక చేపను వదిలితే చాలదా అని అక్కడ ఎవరో అన్నారట. భోజనాల దగ్గర అన్న మాటను భోజనాల దగ్గరే వదిలేస్తే ఏ గొడవా ఉండకపోను. మండలి దాన్ని ఇంటికి తెచ్చుకుంది. నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"ప్రకృతి ప్రసాదించిన సజీవ ప్రయోగశాల చేపయే అయినందున, ఇకమీదట ప్రతి కర్మాగారమును తన నిర్గమ ద్వారమున ఒక తొట్టి నిర్మించి, శుద్ధిచేసిన నీటియందు చేపలను నివసింపజేయవలెను. చేపలు జీవించియున్నంత కాలము సదరు నీరు స్వచ్ఛమైనదిగా భావించబడును. ఇతర పరీక్షలు అవసరము లేదు. చేపలకు రోజుకు రెండుసార్లు మేత వేయవలెను, పైకి ఎగిరి బయటపడకుండ వల కప్పవలెను. చేప మరణించిన పక్షమున కర్మాగారము తక్షణమే నిలిపివేయబడి, మరల తగిన చేప లభించువరకు నీటిని ప్రయోగశాలయందు నెలనెలా పరీక్షింపవలెను."

ఏ చేప అన్నది మాత్రం అందులో లేదు. దాన్ని రాసిన విశ్వపతి గారే ఈ జిల్లాకు మండలి అధికారిగా వచ్చారు. ఆయనది వాన కూడా మొహమాటపడుతూ కురిసే మెట్ట ప్రాంతం. చేపలు రెండు రకాలనీ, ఒకటి వేపుడు, రెండోది పులుసు అనీ ఆయన నమ్మకం.

లోవరాజు చెల్లెలి చెరువులోంచి ఎనిమిది బొచ్చె చేప పిల్లల్ని తెచ్చి కొత్త తొట్టిలో వేశాడు. నీళ్ళు బాగున్నాయి కాబట్టి అవీ బాగున్నాయి. విశ్వపతి గారు వచ్చి, చూసి, తొట్టి పక్కన ఫొటో దిగి వెళ్ళారు. అంతవరకూ చేప నిజమే చెప్పింది.

తరవాత బ్లోయరు మోటారు కాలిపోయింది.

లోవరాజు మేనేజరు చక్రధరరావు గారి గదికి పరిగెత్తాడు. గాలి లేకపోతే రెండు రోజుల్లో జీవాలు చస్తాయని, మూడో రోజునుంచి వచ్చిన జిడ్డు వచ్చినట్టే కాలువలో పడుతుందని చెప్పాడు. చక్రధరరావు గారు మంచివాడే. పైవాళ్ళకు రాశారు. మండలి వారు అడిగే జీవుల జాబితాలో బ్యాక్టీరియా ఉందా అని పైవాళ్ళు ఎదురు ప్రశ్న వేశారు. లేదు, చేపలున్నాయి. అయితే చేపలు క్షేమమేనా అని మళ్ళీ ప్రశ్న. ఈ ఉత్తరాలు నడుస్తుండగానే గాలి తొట్టిలో బురద నల్లబడి కుళ్ళు వాసన పట్టింది. బయటి తొట్టిలో బొచ్చె పిల్లలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం మొదలుపెట్టాయి.

అప్పుడు మేనేజరుకు నిజంగా కంగారు పుట్టింది, చేపల గురించి. కారు వేసుకుని స్వయంగా చేపల బజారుకు వెళ్ళి, దేనికీ చావని చేప ఏదైనా ఉందా అని అక్కడి ఆడవాళ్ళను అడిగారు. ఒకావిడ నవ్వి, బేసిన్‌లో జానెడు బురద నీళ్ళలో నల్లగా మెలికలు తిరుగుతున్న కొరమీన్లను చూపించింది.

కొరమీను నీళ్ళను నమ్ముకుని బతికే చేప కాదు. నీళ్ళలో గాలి లేకపోతే మూతి పైకి పెట్టి బయటి గాలి పీల్చుకుంటుంది. చెరువు ఎండితే బురదలో దూరి వాన వచ్చేదాకా పడి ఉంటుంది. ఈ సంగతి మా వైపు పలక పట్టని పిల్లలకు కూడా తెలుసు. విశ్వపతి గారికి తెలియదు, ఆయనకు చెప్పాల్సిన అవసరం మేనేజరుకు కనిపించలేదు.

తనిఖీ రోజున తొట్టిలో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. ఆ కుడితిలోంచి ఎనిమిది కొరమీన్లు నిమిషానికోసారి పైకి వచ్చి మూతులు చూపించి వెళుతున్నాయి. విశ్వపతి గారి కళ్ళు చెమర్చాయి. మనల్ని పలకరించడానికి వస్తున్నాయి చూడండి, ఎంత ఆరోగ్యమో అన్నారు. లోవరాజు గొంతు సవరించుకుని, అవి గాలి కోసం వస్తున్నాయండి అన్నాడు.

"గాలి ప్రస్తావన సర్క్యులర్‌లో లేదు," అన్నారు విశ్వపతి గారు. "చేప జీవించియున్నదా లేదా అన్నదే విచారణీయాంశము."

ఆ రోజే చేపల రిజిస్టరు పుట్టింది. చేపలకు నంబర్లు వేశారు. చురుకుదనం అని ఒక గడి, పొలుసుల నిగనిగ అని ఒక గడి, అభ్యంతరాలు అని ఒక గడి గీశారు. చేపలు ఏ అభ్యంతరమూ చెప్పలేదు కాబట్టి ఆ గడిలో రోజూ 'లేవు' అని రాయడం లోవరాజు పని. నీళ్ళు కడిగే మనిషి గుమస్తా అయ్యాడు. నెల తరవాత పోలేరుపాలెం ఫ్యాక్టరీకి ఉత్తమ జల పురస్కారం వచ్చింది, అక్కడి కొరమీనుకు 'ప్రామాణిక మీనము' అనే హోదా వచ్చింది. జిల్లాలో మిగతా ఫ్యాక్టరీలన్నీ తమ నాసిరకం చేపల్ని తీసేసి ఆ చేపనే వాడాలని ఉత్తర్వు. బ్లోయరు గురించి కూడా పైనుంచి జవాబు వచ్చింది. చేపలు ఇంత ఆరోగ్యంగా ఉన్నప్పుడు మోటారు ఎందుకో బోధపడుట లేదని రాశారు.

నూకరత్నం ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది.

"మీ తొట్లో చేపలకి సన్మానం చేశారంట కదన్నయ్యా," అంది. "మా చేపలు తెల్లారేసరికి నోళ్ళు తెరుచుకుని తేలతన్నాయి. నీళ్ళమీద మీగడ కట్టింది. ఏటి చెయ్యమంటావు?"

లోవరాజుకు సిగ్గేసింది. మోటారు అడిగాననీ వస్తుందనీ నసిగాడు. చెల్లెలు వెళ్ళాక చాలాసేపు ఆలోచించాడు. అధికారులకు చచ్చిన చేప కావాలి, అదొక్కటే వాళ్ళకు అర్థమయ్యే భాష. సరే, చూపిద్దామనుకున్నాడు. మర్నాడు తనిఖీ ఉందనగా సాయంత్రం ఇరవై బొచ్చె పిల్లల్ని తెచ్చి తొట్టిలో వేసి, పద్ధతి ప్రకారం రిజిస్టరులో రాశాడు. పొద్దున్నకు ఇరవయ్యీ తేలతాయి, మండలి ఫ్యాక్టరీ ఆపేస్తుంది, మోటారు వస్తుంది.

పొద్దున్న వచ్చి చూస్తే ఒక్కటీ తేలలేదు. తేలడానికి అవి తొట్టిలో లేవు. కొరమీన్లు మాత్రం పొట్టలు ఉబ్బించుకుని మందంగా తిరుగుతున్నాయి. కొరమీనున్న చోట పిల్ల చేపల్ని వేయకూడదన్నది చేపల చెరువు గట్టున పెరిగిన మనిషికి ఒకరు చెప్పాల్సిన మాట కాదు. కోపంలో లోవరాజుకు అదే గుర్తు రాలేదు. విశ్వపతి గారు రిజిస్టరు తిప్పి, చేర్చినవి ఇరవై, మరణాలు సున్నా, హాజరు ఎనిమిది అని చదువుకుని కాసేపు ఆలోచించారు. తరవాత స్వహస్తాలతో రాశారు. "సదరు ఇరవై చేపలు నీటి స్వచ్ఛతకు ఆకర్షితములై స్వచ్ఛందముగా కాలువలోనికి తరలిపోయినట్లు భావించడమైనది. కావున కాలువ నీరు సైతము స్వచ్ఛమైనదే."

తొట్టికి ఇచ్చిన సర్టిఫికెట్టు అలా కాలువకు కూడా పాకింది. వారం తిరక్కముందే నూకరత్నం చెరువు మొత్తం తేలిపోయింది. ఆమె ఏడవలేదు. చచ్చిన బొచ్చెల్నీ శీలావతుల్నీ ఒక తట్టలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని, మండలి ఆఫీసుకు వెళ్ళి విశ్వపతి గారి బల్ల ముందు దించింది. లోవరాజు సెలవు పెట్టి వెనకాలే వెళ్ళాడు.

విశ్వపతి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఈ చేపల నంబర్లెంత అని అడిగారు. నంబర్లు లేవని నూకరత్నం చెప్పింది. అయితే ఇవి రికార్డు ప్రకారం ఎప్పుడూ జీవించి ఉండలేదు కాబట్టి చనిపోయే ప్రశ్నే లేదని ఆయన వివరించారు. కళ్ళ ముందు కంపు కొడుతున్నాయి కదండీ అని లోవరాజు అన్నాడు.

"కంటి ఎదుట ఉన్నదానికి ఆధారమేమిటయ్యా?" అన్నారు విశ్వపతి గారు. "రిజిస్టరులో ఉన్నదే ఉన్నట్టు."

అయినా ఆయన అన్యాయస్థుడు కాడు. విచారణకు ఆదేశించారు. ఫ్యాక్టరీ తొట్టిలోంచి మూడో నంబరు ప్రామాణిక మీనాన్ని జీపులో తీసుకెళ్ళి నూకరత్నం చెరువులో వదిలారు. అది మునిగింది, తేలింది, మూతి చూపించింది, చచ్చిన చేపల్ని రుచి చూసింది. వారం తరవాత కూడా బతికే ఉంది. నీటి దోషం లేదని తేలింది. దోషం చేపలదని, ప్రమాణానికి తక్కువైన చేపల్ని పెంచుతున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని నూకరత్నానికి నోటీసు వచ్చింది.

ఈలోగా వరి ఊడ్పులు మొదలయ్యాయి. కాలువ నీళ్ళు పెట్టిన చేలల్లో దిగిన ఆడవాళ్ళకు కాళ్ళు దద్దుర్లెక్కి దురదలు పట్టుకున్నాయి. ఊరంతా వేలిముద్రలు వేసి అర్జీ పెట్టింది. చేప గురించి అయితే చేపను అడగవచ్చు, మనుషుల గురించి ఎవర్ని అడగాలి? విశ్వపతి గారు రెండు రోజులు పచార్లు చేశారు. మనుషులు పలు రకాలు, ఎవరికి తోచినట్టు వాళ్ళు గోక్కుంటారు. వీళ్ళకూ ఒక ప్రమాణం ఉండాలి. ఆ నీళ్ళలో ఏళ్ళ తరబడి మసలి, ఇంకా బతికి ఉన్న మనిషి కావాలి.

రికార్డులు వెతికితే లోవరాజు దొరికాడు. పదకొండేళ్ళ సర్వీసు, ఒక్క సిక్ లీవు లేదు. అడిగితే మేనేజరు ఇవ్వడు కాబట్టి లేదు, కానీ ఆ వివరానికి గడి లేదు. పాత చేపల సర్క్యులర్ తీసి, చేప అన్నచోటల్లా మానవుడు అని మార్చి టైపు చేయించారు. గుమస్తా మార్చడంలో ఒళ్ళు దాచుకోలేదు.

"పదకొండు సంవత్సరముల అనుభవము గల శ్రీ లోవరాజును ప్రామాణిక మానవునిగా నియమించడమైనది. ఈ మానవుడు జీవించియున్నంత కాలము సదరు నీరు మానవులకు హితమైనదిగా భావించబడును. ఇతర మానవుల దురదలు పరిగణింపబడవు. మానవునికి రోజుకు రెండుసార్లు మేత వేయవలెను. పైకి ఎగిరి బయటపడకుండ వల కప్పవలెను. మానవుడు మరణించిన పక్షమున కర్మాగారము తక్షణమే నిలిపివేయబడి, మరల అంతటి అనుభవము గల మానవుడు లభించువరకు నీటిని ప్రయోగశాలయందు నెలనెలా పరీక్షింపవలెను."

వల కప్పలేదు గానీ కొత్త రిజిస్టరు పెట్టారు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు 'జీవస్థితి' అనే గడిలో 'సజీవం' అని రాసి లోవరాజు సంతకం చేయాలి. చేశాడు. ఉద్యోగం మరి. ఊళ్ళోంచి ఏ అర్జీ వచ్చినా, ప్రామాణిక మానవుడు నిన్న కూడా సజీవుడేనని జవాబు వెళ్ళేది. తన సంతకం తన ఊరి మీదే సాక్ష్యం చెబుతోందని అతనికి పదో రోజుకు పూర్తిగా అర్థమైంది. అన్నం సయించడం మానేసింది.

ఊళ్ళోవాళ్ళకు అంతకంటే ముందే అర్థమైంది. దారిలో కనపడిన ప్రతివాళ్ళూ ఆగి ఒంట్లో ఎలా ఉందని అడగడం మొదలుపెట్టారు. బాగానే ఉందంటే మొహాలు దిగిపోయేవి. ఒకసారి దగ్గు వచ్చి రెండుసార్లు దగ్గితే, టీ కొట్టు దగ్గర నలుగురు ఆశగా లేచి నిలబడ్డారు. ఎవరికీ అతని మీద పగ లేదు. చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళే, పాపం, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది.

ఆ సాయంత్రం నూకరత్నం అన్నకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఊళ్ళో నీ గురించి ఏమనుకుంటన్నారో నాకు తెలుసన్నయ్యా," అంది. "రేపు శుక్రవారం. అమ్మవారి గుడికి ఎళ్ళాలి. నువ్వు నిండా నూరేళ్ళుండాలని మొక్కుకోనా, మా చెరువు బాగుపడాలని మొక్కుకోనా? రెండూ ఒక్క నోటితో ఎలా అడగను?"

లోవరాజు కంచంలో అన్నం అలాగే వదిలి చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు రిజిస్టరు తెరిచి, జీవస్థితి గడిలో గుండ్రటి అక్షరాలతో 'మృతి' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేసి, తెడ్డు తీసుకుని కొవ్వు తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి మేనేజరు చూశారు. పదకొండింటికి విశ్వపతి గారు జీపులో దిగారు. లోవరాజును పిలిపించి ఇదేమిటని నిలదీశారు.

"చచ్చిపోయానండి."

"నా ఎదుట నిలబడి మాట్లాడుతున్నావు కదా."

"ఎదురుగా ఉన్నదానికి ఆధారం ఏటండి? రిజిస్టరులో ఉన్నదే ఉన్నట్టని తమరే సెలవిచ్చారు కదండీ."

విశ్వపతి గారికి కోపం రాలేదు, గౌరవం కలిగింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తన మాట ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఆయనకు తగలలేదు. ఆ మాట కొట్టివేసి మళ్ళీ రాద్దామని మేనేజరు బతిమాలారు. జీవస్థితి గడిలో కొట్టివేతలు నేరమని, చచ్చినవాణ్ణి బతికించే అధికారం ప్రధాన కార్యాలయానిదే గాని జిల్లా స్థాయిలో లేదని విశ్వపతి గారు చెప్పారు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీ ఆగింది.

ఇక నీళ్ళు ల్యాబులో నెగ్గితే తప్ప యంత్రాలు తిరగవు. పదకొండేళ్ళు ఆ నీళ్ళలో నానిన మనిషి ఇంకొకడు జిల్లాలో లేడు. చేపలకైతే బజారుకు పోవచ్చు. నెలల తరబడి కదలని మోటారు ఫైలు నాలుగు రోజుల్లో మోటారై లారీలో వచ్చింది. బిగించారు, గాలి ఊదింది, తొట్టి బుడబుడమంది. కానీ జీవాలు లేవు. వాటిని మళ్ళీ పెంచడం తెలిసిన మనిషి గేటు బయట ఉన్నాడు. చనిపోయినవాళ్ళకు గేటు పాసు ఇచ్చే పద్ధతి లేదని సెక్యూరిటీ అతను మొహమాటపడుతూనే ఆపేశాడు.

లోవరాజు ప్రహరీ అవతల డ్రమ్ము వేసుకుని దాని మీదికెక్కి అక్కడినుంచే చెప్పాడు. పేడ అంత చిక్కగా వద్దన్నాడు, బెల్లం కరిగించి పోయమన్నాడు, జిడ్డు నీళ్ళు మొదట కొంచెం కొంచెంగానే వదలమన్నాడు. మేనేజరు గొడుగు పట్టుకుని గోడ ఇవతల నిలబడి అన్నీ రాసుకున్నారు. పద్దెనిమిదో రోజుకు తెల్ల నురగ తగ్గి, బురదకు పాత గోధుమరంగు వచ్చింది. నీళ్ళు తేటపడ్డాయి. ల్యాబులో నెగ్గాయి. అప్పటినుంచి ప్రతి నెలా నెగ్గుతున్నాయి, నెగ్గకపోతే ఆపేస్తారన్న భయం ఉంది కాబట్టి.

చచ్చినవాడికి జీతం రాదు. లోవరాజు చెల్లెలి చెరువు దగ్గర పనికి కుదిరాడు. ఆమె కొత్తగా పిల్లల్ని వేసింది. కాలువ మీద మీగడ విడిపోయింది, ఊళ్ళో కాళ్ళ దద్దుర్లు తగ్గాయి. దారిలో ఎదురైనవాళ్ళు అతని ఆరోగ్యం అడగడం మానేశారు.

మూడు నెలల తరవాత విశ్వపతి గారూ మేనేజరు గారూ చెరువు గట్టు మీదికి నడిచి వచ్చారు. ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. సదరు మానవుణ్ణి తిరిగి సజీవునిగా పరిగణించడానికి అభ్యంతరం లేదట. ఆగిన జీతం, పాత ఉద్యోగం, పైన ఒక ప్రమోషను. కింద ఒక్క సంతకం చేస్తే చాలు.

లోవరాజు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తను సంతకం పెడితే ల్యాబు పరీక్షలు జరుగుతాయా అని అడిగాడు. మీరుండగా ల్యాబు ఎందుకండీ అని మేనేజరు ఆప్యాయంగా అన్నారు. మరి బ్లోయరు మాటేమిటి అన్నాడు. దాని ఆవశ్యకత పునఃపరిశీలించబడునని విశ్వపతి గారు చెప్పారు.

చెరువులో నూకరత్నం పడవ మీదినుంచి తవుడు చల్లుతోంది. ఆమె వెళ్ళిన దారంతా నీళ్ళు చేపలతో కదులుతున్నాయి. అవి ఇంకా అరచేతంతే ఉన్నాయి, వలేసి పట్టే పట్టుబడికి రావడానికి ఆరు నెలలైనా పడుతుంది. లోవరాజు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి విశ్వపతి గారి చేతిలో పెట్టాడు.

"ఏమీ అనుకోకండి, ఆయ్," అన్నాడు. "ఈ పట్టుబడి అయ్యేదాకా నేను చచ్చే ఉంటానండి."